నార్త్ ప్లాట్ క్యాంటీన్ వాలంటీర్లను ఎలా గుర్తుచేసుకోవాలి?

ప్రశ్న: ఒమాహాలో మా తెలుగు సంఘం, దగ్గర్లోని లైబ్రరీ కలిసి ఒక సభ పెట్టాలనుకుంటున్నాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్త్ ప్లాట్ రైల్వే స్టేషన్‌లో సైనికులకు తిండి పెట్టిన వాలంటీర్ల కోసం ఈ సభ. మెమోరియల్ డే నాడు పెట్టవచ్చా? ఒక ఫలకం, నాలుగు ఉపన్యాసాలు సరిపోతాయా? పిల్లలతో ఏం చేయిస్తే బాగుంటుంది?

జవాబు:

తప్పకుండా పెట్టండి. ముందు తేదీ సంగతి తేల్చేద్దాం. మెమోరియల్ డే మాత్రం వద్దండీ. మే నెల చివరి సోమవారం ప్రాణాలు పోగొట్టుకున్న సైనికులది. నవంబరు 11, వెటరన్స్ డే, యూనిఫాం వేసుకుని పనిచేసినవాళ్ళది. ఆ రెండు రోజుల్లో శాండ్‌విచ్‌లు చుట్టినవాళ్ళ మాట ఎత్తితే వీళ్ళు వెనక వరసలో పడిపోతారు. క్యాంటీన్‌కు సొంత తేదీలే ఉన్నాయి. 1941 డిసెంబరు 17న దానికి బీజం పడింది. డిసెంబరు 25 రాత్రి మొదటి రైలుకు తిండి అందింది. 1946 ఏప్రిల్ 1న తలుపులు మూశారు. నన్నడిగితే డిసెంబరు 17కి దగ్గర్లో వచ్చే శనివారం పెట్టుకోండి. చలి ఉంటుంది, మంచు కురవొచ్చు, జనం కాస్త తగ్గొచ్చు. అయినా ఫర్వాలేదు. అప్పుడూ అదే చలిలో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డారు కదా.

ఇక ఫలకం, ఉపన్యాసాలు. నేను నెబ్రాస్కాలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఒక చిన్న కౌంటీ మ్యూజియంలో వాలంటీరుగా పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేస్తుంటాను. ఇలాంటి సభలు బోలెడు చూశాను. ఎంత గొప్ప మనసో అని నలుగురు పొగుడుతారు, అందరూ చప్పట్లు కొడతారు, కాఫీ తాగి ఇళ్ళకు పోతారు. బయటికి వచ్చాక ఆ క్యాంటీన్ ఎలా నడిచిందో ఒక్కరు కూడా చెప్పలేరు. పెద్ద మనసున్న మాట నిజమే. కాకపోతే మనసు ఒక పూట తిండి పెట్టిస్తుంది. నాలుగేళ్ళ మూడు నెలలు, పండగలేదు పబ్బం లేదు, పొద్దున అయిదింటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా వచ్చిన ప్రతి సైనికుల రైలుకూ ఎదురెళ్ళాలంటే వంతులు వేసుకోవాలి, రేషన్ కూపన్లు పోగెయ్యాలి, ఎవరి కారులో ఎవరు వెళ్ళాలో ముందే అనుకోవాలి. మీ సభలో ఆ పని గురించి చెప్పండి. ఆ పని అర్థమైతే పొగడ్త దానంతట అదే వస్తుంది.

మొదలైన తీరు చాలామందికి తెలుసు గానీ పిల్లలకు చెప్పేటప్పుడు తొందరపడకుండా చెప్పండి. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి పది రోజులైంది. నెబ్రాస్కా నేషనల్ గార్డ్ 134వ పదాతి దళంలోని డి కంపెనీ అనే చిన్న దళం ఆర్కాన్సాలోని క్యాంప్ రాబిన్సన్ నుంచి పడమటికి వెళ్తూ నార్త్ ప్లాట్ మీదుగా పోతోందని ఊళ్ళో పుకారు పుట్టింది. అందులో ఉన్నది ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళే. దాదాపు 500 మంది స్టేషన్‌కు వచ్చేశారు. తల్లులు, చెల్లెళ్ళు, ప్రేమించిన అమ్మాయిలు, అందరి చేతుల్లో మిఠాయిలు, సిగరెట్లు, కానుకలు. గంటల తరబడి కాచుకున్నాక సాయంత్రానికి రైలు వచ్చింది. డి కంపెనీయే, కానీ కాన్సాస్‌ది. ఒక్క ముఖమూ తెలిసినది కాదు. కాసేపు ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత ఎవరో ఒకరు ముందుకు కదిలి తెచ్చింది ఆ కాన్సాస్ కుర్రాళ్ళ చేతుల్లో పెట్టారు. అది చూసి మిగతావాళ్ళూ పెట్టారు.

ఆ గుంపులో రే విల్సన్ అనే 26 ఏళ్ళ అమ్మాయి ఉంది. మందుల దుకాణంలో పని. వస్తుందనుకున్న కంపెనీకి కమాండరు ఆమె అన్నదమ్ముల్లో ఒకడైన డెన్వర్ విల్సన్. తనవాడు రాలేదని ఇంటికెళ్ళి ఏడవలేదు. స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. మర్నాడే అది అచ్చయింది. మన ఊరూ చుట్టుపక్కల ఊళ్ళూ కలిసి చందాలు పోగుచేసి క్యాంటీన్ తెరుద్దాం, పైసా తీసుకోకుండా నడిపే బాధ్యత నాది అన్నది ఆ ఉత్తరం సారాంశం. వారం తిరిగేసరికి క్రిస్మస్ రాత్రి మొదటి రైలు దగ్గరికి బుట్టలు వెళ్ళాయి. కొన్ని నెలలకే రే విల్సన్ ఆరోగ్యం దెబ్బతిని తప్పుకోవలసి వచ్చింది. హెలెన్ క్రిస్ట్ అనే ఆవిడ పగ్గాలు పట్టింది. చాలా సభల్లో రే విల్సన్ ఉత్తరం చదివి అక్కడితో ముగిస్తారు. అది నాకు నచ్చదు. మొదలుపెట్టినామె పేరు ఎంత ముఖ్యమో మిగతా నాలుగేళ్ళు నడిపించినామె పేరూ అంతే ముఖ్యం. మీ కరపత్రంలో రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వెయ్యండి.

స్టేషన్ యూనియన్ పసిఫిక్ రైల్వేది. ఆ సంస్థ అధ్యక్షుడు విలియం జెఫర్స్ ఈ ఊళ్ళోనే పుట్టినవాడు. పద్నాలుగేళ్ళ వయసులో కాల్ బాయ్‌గా చేరాడు. అంటే డ్యూటీ వేళకు రైలు సిబ్బందిని ఇళ్ళకెళ్ళి పిలుచుకొచ్చే కుర్రాడన్నమాట. అక్కణ్ణుంచి 1937లో అధ్యక్షుడయ్యాడు. మూతపడి ఉన్న స్టేషన్ భోజనశాలను వాడుకోండని అనుమతి ఇచ్చింది ఆయనే. అంతకుముందు కొద్ది రోజులు పక్కనున్న కోడీ హోటల్ నుంచి సరుకు మోసుకొచ్చారు.

రైళ్ళు అక్కడే ఎందుకు ఆగేవని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అవి ఆవిరి ఇంజన్ల రోజులు. ఇంజన్‌కు నీళ్ళు పట్టాలి, చక్రాలకూ కీళ్ళకూ నూనె వెయ్యాలి, సిబ్బంది మారాలి. దానికి పది పదిహేను నిమిషాలు పట్టేది. సైనికుల కోసం రైలును ఒక్క నిమిషం కూడా అదనంగా ఆపరు. ఉన్న ఆ పది నిమిషాల్లోనే అంతా జరిగిపోవాలి.

ఇక్కడ కాస్త లెక్క వేసి చూపించండి, ఉపన్యాసం కంటే అదే బాగా ఎక్కుతుంది. మొత్తం అరవై లక్షల మందికి పైగా సైనికులు ఈ క్యాంటీన్ మీదుగా వెళ్ళారు. నడిచిన రోజులు సుమారు 1550. భాగిస్తే రోజుకు నాలుగు వేలకు కాస్త తక్కువ. అప్పుడు నార్త్ ప్లాట్ జనాభా 12 వేలు. మన పల్లెలో పెళ్ళికి వెయ్యిమందికి వండితే ఆ కబుర్లు ఏడాదంతా చెప్పుకుంటాం. ఇక్కడ అలాంటి పెళ్ళిళ్ళు రోజుకు నాలుగు, అదీ విడిది లేకుండా, బంతికి పది నిమిషాల్లో లేపేస్తూ. ఒక రైల్లో 300 మంది దిగారనుకోండి, పది నిమిషాలంటే 600 సెకన్లు. రెండు సెకన్లకు ఒక మనిషి చొప్పున చేతిలో కప్పూ శాండ్‌విచ్చూ పడాలి.

అది ఒక్క ఊరివల్ల అయ్యే పని కాదు. సుమారు 125 ఊళ్ళు చేతులు కలిపాయి. నెబ్రాస్కా ఊళ్ళతో పాటు సరిహద్దు దాటి కొలరాడో నుంచి కూడా వచ్చేవాళ్ళు. కోజాడ్, గోథెన్‌బర్గ్, లెక్సింగ్టన్, బ్రోకెన్ బో, కొలరాడోలోని జూల్స్‌బర్గ్ ఇలా. ఒక్కో ఊరికి ఒక్కో రోజు వంతు. ఆ రోజు కావలసిన తిండి ఆ ఊరిదే, వడ్డించే మనుషులూ ఆ ఊరివాళ్ళే. కొన్ని చోట్ల ఊరంతా కాక ఒక చర్చి స్త్రీల సంఘమో రైతు స్త్రీల క్లబ్బో వంతు పట్టేది. మొత్తం మీద 55 వేల మంది దాకా ఏదో ఒక రోజు ఆ కౌంటర్ వెనక నిలబడ్డారని అంచనా. నాకు ఈ అరవై లక్షల అంకె కంటే 55 వేలే పెద్దదిగా కనిపిస్తుంది. తిన్నవాళ్ళను రైలు తీసుకొచ్చింది. పెట్టినవాళ్ళు తమంతట తాము వచ్చారు.

రావడం ఎంత కష్టమో ఇప్పుడు అంతర్రాష్ట్ర రహదారి మీద డెబ్బయి అయిదు మైళ్ళ వేగంతో పోయే మనకు తట్టదు. 1942 మొదట్లోనే టైర్లకు రేషన్ వచ్చింది. రబ్బరు పండే తోటలు జపాన్ చేతిలో పడ్డాయి. టైర్లు అరగకుండా ఉండాలంటే జనం తిరుగుళ్ళు తగ్గించాలి, తిరుగుళ్ళు తగ్గాలంటే పెట్రోలు తగ్గించాలి. అందుకే ఆ ఏడాది డిసెంబరు నుంచి దేశమంతా పెట్రోలు రేషన్ పెట్టారు. మామూలు కారుకు అంటించే ‘A’ అక్షరం స్టిక్కరు మీద వారానికి 4 గ్యాలన్లు, తర్వాత 3. వేగం గంటకు 35 మైళ్ళు దాటకూడదు. ఆ రేషన్ అమలు చేయించిన రబ్బరు శాఖ అధికారి ఎవరనుకున్నారు? రూజ్వెల్ట్ 1942 సెప్టెంబరులో నియమించిన ఇదే విలియం జెఫర్స్. క్యాంటీన్‌కు గది ఇచ్చినాయనే, క్యాంటీన్‌కు వచ్చే ఆడవాళ్ళ కార్లకు పెట్రోలు కొలిచిపోసే కుర్చీలో కూర్చున్నాడు. రెండు పనులూ యుద్ధానికి అవసరమైనవే.

జూల్స్‌బర్గ్ నుంచి నార్త్ ప్లాట్ ఎనభై మైళ్ళ పైచిలుకు. గ్యాలనుకు పదిహేను మైళ్ళు ఇచ్చే కారులో రానూపోనూ అంటే పదకొండు గ్యాలన్ల పెట్రోలు, ఒక కుటుంబానికి మూడు వారాలకు సరిపోయేది. 35 మైళ్ళ వేగంతో ఒకవైపు ప్రయాణమే రెండు గంటలు దాటుతుంది. కనుక నలుగురైదుగురు కూపన్లు కలుపుకుని ఒక కారులో ఇరుక్కుని, ఒళ్ళో పెట్టెలు పెట్టుకుని వచ్చేవాళ్ళు. కొందరు రైలెక్కి వచ్చేవాళ్ళు.

తిండి కూడా అంతే. 1942 వేసవి నాటికే పంచదార రేషన్. ఆ చలికాలం కాఫీ రేషన్, 1943 వసంతం నుంచి మాంసం, వెన్న, చీజ్ రేషన్. పంచదార లేకుండా కేకు ఎలా? ఊరంతా తమ వాటా పంచదారలో కాస్త తీసి పక్కన పెట్టేవాళ్ళు. అంటే నార్త్ ప్లాట్‌లో ఎవరో గుర్తు తెలియని సైనికుడు కోసిన ప్రతి పుట్టినరోజు కేకు వెనక, తమ పిల్లల పుట్టినరోజుకు కేకు చెయ్యని ఇల్లు ఒకటో రెండో ఉండి ఉంటాయి. కోళ్ళు, గుడ్లు, పాలు ఉన్న పల్లెలు గనుక గుడ్ల శాండ్‌విచ్‌లు ఎక్కువ. సీజన్‌లో వేటాడి తెచ్చిన ఫెజెంట్ పక్షి మాంసంతో శాండ్‌విచ్‌లు చేసేవాళ్ళు. వాటి రుచి ఆ దారిన వెళ్ళిన సైనికులు ముసలితనంలో కూడా తలుచుకున్నారు.

ప్రభుత్వం డబ్బిచ్చిందా అని మీ సభలో ఎవరైనా అడుగుతారు. నిధులేమీ రాలేదు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ తన సొంతంగా 5 డాలర్లు పంపాడు. మిగతాదంతా చందాలు, డాన్సు పార్టీలు, ఇనప సామాను పోగుచేసి అమ్మడం, వేలాలు. ఒక పల్లెటూరి కుర్రాడు పశువుల వేలంలో నిలబడి తన ఒంటి మీద చొక్కా విప్పి పాటకు పెట్టాడు. కొన్నవాళ్ళు డబ్బిచ్చి చొక్కా తిరిగి వాడికే ఇచ్చేవాళ్ళు. అలా వేలం వేలానికీ తిరిగి రెండు వేల డాలర్ల దాకా తెచ్చాడు. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఆ పది నిమిషాలు ఎలా గడిచేవో కాస్త దగ్గరగా చూపిస్తాను. సైనికుల రైలు ఎప్పుడు వస్తుందన్నది యుద్ధ రహస్యం. బహిరంగంగా చెప్పకూడదు. రైల్వేవాళ్ళు మాత్రం కాఫీ కుండ పొయ్యి మీద ఉందనే మాటతో క్యాంటీన్‌కు కబురు అందించేవాళ్ళు. ఆ మాట చెవిన పడగానే లోపల శాండ్‌విచ్ పళ్ళేలు వరసలు తీరేవి. యువతులు బుట్టలు మెడకూ చేతులకూ తగిలించుకుని ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళను ప్లాట్‌ఫాం గర్ల్స్ అనేవారు. రైలు దిగనివ్వని సైనికులకూ, ఆస్పత్రి రైళ్ళలో లేవలేని గాయపడ్డవాళ్ళకూ పళ్ళు, మిఠాయిలు, సిగరెట్లు, అగ్గిపెట్టెలు, పత్రికలు అందించడం వాళ్ళ పని. దిగినవాళ్ళు తలుపు తోసుకుని పరుగున లోపలికి వచ్చేవాళ్ళు. ఒక మూల పియానో ఉండేది, ఎవడో ఒకడు దాని ముందు కూర్చునేవాడు. ఇవ్వాళ ఎవరిదైనా పుట్టినరోజా అని అడిగేవాళ్ళు. చెయ్యెత్తినవాడికి మొత్తం కేకు. చెయ్యెత్తిన ప్రతివాడిదీ నిజంగా పుట్టినరోజేనా అని ఎవరూ కాగితాలు అడగలేదు. ఇంజన్ కూత వినగానే అందరూ ఒక్కసారిగా బయటికి, కొందరు కదిలే మెట్టు మీదికి. ఆ వెంటనే ఆడవాళ్ళు కప్పులు కడగడం, బల్లలు తుడవడం, తర్వాతి రైలుకు రొట్టెలకు వెన్న రాయడం. రద్దీ రోజుల్లో ఇలాంటివి రోజుకు ఇరవై పైన.

పేలాల ఉండల సంగతి కూడా ఉంది. మన బెల్లం పాకంలో పేలాలు కలిపి ఉండ చుట్టినట్టే మొక్కజొన్న పేలాలతో చేసేవాళ్ళు. కొందరు అమ్మాయిలు తమ పేరూ చిరునామా రాసిన చీటీ లోపల పెట్టేవాళ్ళు. దాంతో ఉత్తరాలు నడిచాయి, కొన్ని పెళ్ళి దాకా వెళ్ళాయి. సభలో ఇది చెబితే అందరూ ముచ్చటపడతారు, చెప్పండి. దీన్నే కథంతా చెయ్యకండి. ఆ చీటీల్లో ఎక్కువ భాగానికి ఒకటి రెండు ఉత్తరాల తర్వాత జవాబు ఆగిపోయి ఉంటుందనీ, ఎందుకు ఆగిందో తెలియక ఎదురుచూసినవాళ్ళు ఉంటారనీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే విషయం. చాలామంది వక్తలు ఇది వదిలేస్తారు, మీరు వదలొద్దని నా మనవి. ఇదే నార్త్ ప్లాట్ నుంచి 1929 జూలైలో, ఒక పోలీసు అధికారి హత్య తర్వాత, గుంపులు నల్లజాతి కుటుంబాలను ఊరు విడిచి పొమ్మని తరిమేశాయి. పుష్కర కాలం తర్వాత అదే ఊళ్ళో క్యాంటీన్ పెట్టి, రంగు చూడకుండా యూనిఫాంలో దిగిన ప్రతివాడికీ ఒకే కౌంటర్ మీద ఒకే శాండ్‌విచ్ పెట్టారు. దేశంలో చాలా చోట్ల నల్ల సైనికుడికి స్టేషన్ హోటల్లో కుర్చీ కూడా దొరకని కాలం అది. మరొకటి. 1941 డిసెంబరు 7న, పెర్ల్ హార్బర్ జరిగిన రోజే, నార్త్ ప్లాట్ చర్చిలో ఈ ప్రాంతపు జపనీస్ అమెరికన్ల సమావేశం జరుగుతోంది. మాట్లాడటానికి వచ్చిన జపనీస్ అమెరికన్ల సంఘం నాయకుడు మైక్ మసావోకాను అక్కడే అరెస్టు చేసి జైల్లో పెట్టారు. ఆ సమావేశంలో ఉన్న బెన్ కురోకి పక్కనే ఉన్న హెర్షీ ఊరి రైతు బిడ్డ. తర్వాత అతను సైన్యంలో చేరి బాంబర్ విమానాల్లో 58 దాడుల్లో పాల్గొన్నాడు. ఒక ఊళ్ళో ఇవన్నీ పన్నెండేళ్ళ తేడాలో, పది రోజుల తేడాలో జరిగాయి. వీటిని చెబితే వాలంటీర్లకు అవమానమని నేననుకోను. వాళ్ళు దేవతలు కారు, మన లాంటి ఊరి మనుషులు, తప్పులు చేసిన ఊరి మనుషులు. వాళ్ళు ఇంత పని చేశారంటేనే నాకు ఎక్కువ ఆశ కలుగుతుంది.

తర్వాతి సంగతి క్లుప్తంగా. 1943లో యుద్ధ శాఖ నుంచి ప్రశంసా పురస్కారం వచ్చింది. యుద్ధం ముగిశాక కూడా ఇంటికి తిరిగొచ్చేవాళ్ళ రైళ్ళ కోసం ఏడు నెలలు నడిపారు. 1971లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి, 1973లో స్టేషన్ భవనాన్ని కూల్చేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఒహాయోలోని డెనిసన్‌లో ఇలాంటి క్యాంటీన్‌నే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ ఆధ్వర్యంలో నడిపారు. పదమూడు లక్షల మంది సైనికులకు పెట్టిన ఆ స్టేషన్‌ను నిలబెట్టుకున్నారు, ఇప్పుడు మ్యూజియం. 2011లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. నార్త్ ప్లాట్‌కు 2004లో కాంగ్రెస్ తీర్మానం ద్వారా గౌరవం దక్కింది, అప్పటికి గోడలు లేవు.

అన్నిటికంటే మంచి సన్మానం మాత్రం 2018 జూన్‌లో ఆ ఊరే చేసిందని నా అభిప్రాయం. వ్యోమింగ్‌లో శిక్షణ ముగించుకుని బస్సుల్లో ఇంటికి వెళ్తున్న ఆర్కాన్సా నేషనల్ గార్డ్ సైనికులు ఏడు వందల మంది దాకా నార్త్ ప్లాట్‌లో ఆగుతారని కబురు వచ్చింది. ఊరు మళ్ళీ బల్లలు వేసింది, ఇంటింటి నుంచి తిండి తెచ్చింది, బస్సు బస్సుకూ ఎదురెళ్ళింది. దిగినవాళ్ళలో చాలామందికి ఈ చరిత్ర తెలియదు.

ఇక మీరు చెయ్యగలిగింది. పిల్లలతో నాటకం వేయించాలని మీకు అనిపిస్తుంది, వద్దు. గడియారంతో పది నిమిషాల ఆట పెట్టండి. వచ్చిన ప్రేక్షకులే సైనికులు. ఒక బల్ల వెనక పదిమంది పిల్లలు. కూత వినిపించగానే గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక కప్పు, ఒక పొట్లం అందాలి, ఎవరూ మిగలకూడదు, రెండో కూత తర్వాత ఇవ్వకూడదు. మొదటిసారి సగం మందికి కూడా అందదు. మళ్ళీ ప్రయత్నించమనండి, వాళ్ళే పని పంచుకుంటారు. ఆ తర్వాత అరవై లక్షలన్న మాట చెప్పండి. ఒక్కో పిల్లకు ఒక్కో ఊరి పేరు రాసిన అట్ట ఇచ్చి ఆ పేర్లు గట్టిగా చదివించండి. ఫలకం వేస్తే దాని మీద కూడా పొగడ్త వాక్యాలు తగ్గించి ఊళ్ళ పేర్లు పెట్టండి. తమ అమ్మమ్మ ఊరి పేరు కనిపిస్తే ఒక మనిషి ఆ ఫలకం ముందు ఆగిపోతాడు.

అసలైన పని మాత్రం రికార్డింగ్. 1945లో పదహారేళ్ళ ప్లాట్‌ఫాం గర్ల్‌కు ఇప్పుడు తొంభై అయిదు దాటి ఉంటాయి. తల్లి వెంట వెళ్ళి కూర్చున్న ఆరేళ్ళ పిల్లకే ఎనభై అయిదు దాటాయి. మీ లైబ్రరీ ద్వారా వృద్ధాశ్రమాల్లో, చర్చిల్లో వాకబు చేయండి. ఒమాహాలో పశ్చిమ నెబ్రాస్కా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అడిగేటప్పుడు మీకేమనిపించింది అని మొదలెట్టకండి. ఒక పెద్దావిడ దగ్గర నేను అలాగే అడిగితే, మేం చేసిందేముంది నాయనా, అందరూ చేశారు అని ఊరుకుంది. ఎవరి కారులో వెళ్ళేవారండీ అని అడిగాను. అంతే, ముఖం మారిపోయింది. పక్క పొలం వాళ్ళ కారట. వెనక సీటు కింద పాల క్యాను, ఒళ్ళో ఉడికించిన గుడ్ల తొట్టి. ఆవిడ వంతు గుడ్లు వలవడం. రాత్రి పూట పొయ్యి పక్క ఎత్తుపీట మీద కూర్చుని వలిచేదట. వేడి మీద వలిస్తే పెంకు తేలిగ్గా వస్తుందని వాళ్ళమ్మ చల్లారనిచ్చేది కాదట. వేళ్ళ కొసలు ఎర్రగా అయ్యేవని చెప్తూ తన చేతివేళ్ళు చూపించింది. గంటసేపు చెప్పింది. కారు, బుట్ట, కూపన్, పొయ్యి, దారిలో తగిలిన మంచు, ఇంట్లో ఎవరు చిన్నపిల్లల్ని చూసుకున్నారు, ఇలాంటివి అడగండి. పంపకానికి రాకుండా పొలంలో ఉండిపోయిన మగవాళ్ళు, పాలు పితికిన పిల్లలు కూడా అప్పుడే బయటికొస్తారు. వాళ్ళూ వాలంటీర్లే. రికార్డు చేశాక ఒక కాపీ ఆ కుటుంబానికి, ఒకటి లైబ్రరీకి, ఒకటి వాళ్ళ సొంత కౌంటీ మ్యూజియానికి ఇవ్వండి. మీ ఫోన్లో ఉంటే అది పోయినట్టే లెక్క.

తెలుగు సంఘం కదా, మన కథ ఏదైనా కలపాలా అని సంఘంలో చర్చ వస్తుంది. బలవంతంగా పోలికలు తేవద్దు. క్యాంటీన్ మొదలైన మూడు నెలలకే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే యుద్ధం మన తీరానికీ వచ్చిందని ఒక్క వాక్యం చెబితే చాలు. పశ్చిమ గోదావరి మిలటరీ మాధవరం నుంచి ఆ యుద్ధానికి వెళ్ళిన సైనికుల కుటుంబాలవాళ్ళు మీ సంఘంలో ఎవరైనా ఉంటే, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు ఆ ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చారో విడిగా రికార్డు చేయండి. అది ఇంకో రోజు సభకు సరిపోయే విషయం.

సభకు ముందు మీ కమిటీవాళ్ళు ఒకసారి నార్త్ ప్లాట్ వెళ్ళి రావడం మంచిది. ఒమాహా నుంచి ఐ-80 రహదారి మీద నాలుగు గంటల పైన పడుతుంది. ముందు లింకన్ కౌంటీ హిస్టారికల్ మ్యూజియం చూడండి, క్యాంటీన్ వస్తువులు, ఫొటోలు అక్కడున్నాయి. చలికాలంలో వేళలు మారతాయి గనుక ఫోన్ చేసి బయల్దేరండి. తర్వాత ఫ్రంట్ స్ట్రీట్‌లో స్టేషన్ ఉన్న చోట స్మారక చిహ్నం ఉంది, అక్కడికి వెళ్ళండి. పక్కనే పట్టాల మీద సరుకు రైళ్ళు ఇప్పటికీ నడుస్తుంటాయి. టైముంటే గోల్డెన్ స్పైక్ టవర్ ఎక్కి బెయిలీ యార్డ్ చూడండి. ఇంత పెద్ద రైల్వే యార్డ్ ప్రపంచంలో ఇంకోటి లేదు. ఇన్ని రైళ్ళు ఈ ఊరి మీదుగానే ఎందుకు పోయేవో పిల్లలకు అక్కణ్ణుంచి చూస్తే వెంటనే తెలుస్తుంది. ఊళ్ళ పేర్ల జాబితా కావాలంటే మ్యూజియం వాళ్ళను అడగండి, అట్టలు రాయించే ముందు స్పెల్లింగులు వాళ్ళతో సరిచూసుకోండి.